బి.కాం. తర్వాత అకౌంట్స్ ఉద్యోగం: పద్దు రాయడం నుంచి ఇంటర్వ్యూ గది దాకా

జీఎస్టీ అమల్లోకి వచ్చినప్పటి నుంచి, అకౌంట్స్ విభాగానికి మనుషులను తీసుకునే ప్రతిసారీ నేను ఒక నమూనా బిల్లును దగ్గర పెట్టుకుంటున్నాను. విజయవాడ వ్యాపారి ఒకరు హైదరాబాద్‌లోని దుకాణానికి సరుకు అమ్మినట్టు దానిని నేనే తయారు చేశాను. సరుకు విలువ 45,000 రూపాయలు, దాని కింద సీజీఎస్టీ 9 శాతం, ఎస్‌జీఎస్టీ 9 శాతం, మొత్తం 53,100 రూపాయలు. వచ్చిన అభ్యర్థికి ఆ బిల్లునూ ఒక తెల్ల కాగితాన్నీ ఇచ్చి, హైదరాబాద్ దుకాణం పుస్తకాల్లో కొనుగోలు ఎంట్రీ రాయమని అడుగుతాను. చాలామంది రెండు నిమిషాల్లో తప్పులేని ఎంట్రీ రాసి ఇస్తారు. అయితే తప్పు ఎంట్రీలో లేదు, బిల్లులోనే ఉంది. అమ్మినవారి జీఎస్టీ నంబరు 37తో మొదలవుతోంది, కొన్నవారిది 36తో మొదలవుతోంది. మొదటిది ఆంధ్రప్రదేశ్, రెండవది తెలంగాణ. 2014 జూన్ 2 నుంచి ఇవి రెండు వేర్వేరు రాష్ట్రాలు కాబట్టి ఆ అమ్మకంపై పడవలసింది ఒకే రాష్ట్రంలోని అమ్మకాలకు వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ కాదు, రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే 18 శాతం ఐజీఎస్టీ. అందువల్ల ఎంట్రీ వేసే ముందే బిల్లును సరిచేసి పంపమని విజయవాడకు ఫోన్ చేయాలి. ఆ మాట అన్న అభ్యర్థితో తర్వాతి అరగంట పరీక్షలా కాక, ఒకే వృత్తిలో ఉన్న ఇద్దరి మధ్య సంభాషణలా సాగిపోతుంది.

ఈ బిల్లు సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇంటర్వ్యూకు సిద్ధపడటం అంటే బెరుకు లేకుండా మాట్లాడటం, మంచి చొక్కా వేసుకోవడం, కరచాలనం చేయడం అని మన డిగ్రీ కళాశాలల్లో చెబుతుంటారు. అవి అక్కరలేదని నేను అనను. కానీ అకౌంట్స్ ఉద్యోగంలో ఎదుటివారు చూసేది చేతినీ కంటినీ. కాగితం చూడగానే ఏది ఎక్కడ ఉండాలో కన్ను పట్టుకోవాలి, చెయ్యి తడబడకుండా రాయాలి. ఆ అలవాటు ఇంటర్వ్యూకు ముందు రోజు రాత్రి రాదు, ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. ఆ వారాలను ఎలా గడపాలో, ఆ తర్వాత ఉద్యోగం ఎక్కడ ఎలా అడగాలో ఇక్కడ వివరిస్తాను.

ఏ తరహా ఉద్యోగం కావాలో ముందే తేల్చుకోవాలి

బి.కాం. చదివినవారికి మన రాష్ట్రాల్లో ప్రధానంగా మూడు తరహాల అకౌంట్స్ ఉద్యోగాలు దొరుకుతాయి. మొదటిది ఆడిటర్ ఆఫీసు, అంటే చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గరో పన్నుల సలహాదారు దగ్గరో పని చేయడం. రెండవది యజమాని స్వయంగా నడిపే దుకాణం లేదా కర్మాగారం. బేగంబజార్, రాణీగంజ్ హోల్‌సేల్ దుకాణాలు మొదలుకొని బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్, గాజువాక పరిశ్రమల దాకా ఇందులోకి వస్తాయి. మూడవది హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లోని పెద్ద సంస్థల కేంద్రాలు. అక్కడ విదేశీ కంపెనీల కొనుగోలు బిల్లులనో, వసూళ్లనో, నెలాఖరు లెక్కల ముగింపునో ఒక్కొక్క బృందం చూస్తుంది.

ఈ మూడింటికీ ఒకే రెజ్యూమే పంపేవారు చాలామంది ఉన్నారు. అది మొదటి పొరపాటు. పెద్ద సంస్థలో బిల్లుల చెల్లింపు విభాగానికి వెళితే కొనుగోలు ఆర్డరు, సరుకు అందినట్టు రాసిన రశీదు, సరఫరాదారు బిల్లు అనే మూడు కాగితాలను సరిపోల్చడం గురించి అడుగుతారు. పరిమాణం మూడింటిలో సరిపోయి, ధర మాత్రం తేడాగా ఉంటే ఏం చేస్తారన్నది అక్కడ తరచుగా వినిపించే ప్రశ్న. అదే ప్రశ్న రాణీగంజ్ దుకాణంలో ఎవరూ అడగరు. అక్కడ ఉదయం వచ్చిన నగదు, సాయంత్రం గల్లాలో మిగిలిన నగదు, మధ్యలో ఇచ్చిన అప్పు చీటీలు సరిపోతున్నాయా అన్నదే యజమానికి ముఖ్యం. ఆడిటర్ ఆఫీసులోనేమో ఒకే రోజు మందుల దుకాణం పద్దులూ రైస్ మిల్లు పద్దులూ కాంట్రాక్టరు పద్దులూ చేతికి వస్తాయి.

ఇంటి పరిస్థితి అనుమతిస్తే మొదటి రెండేళ్లు ఆడిటర్ ఆఫీసులో గడపడమే మేలని నా అభిప్రాయం. జీతం తక్కువగా ఉంటుంది, సెప్టెంబరులో టాక్స్ ఆడిట్ గడువు దగ్గరపడినప్పుడు రాత్రి పది దాటుతుంది. అయినా ఇరవై రకాల వ్యాపారాల పద్దులు చూసిన కన్ను ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది. ఇంటి అద్దె, చదువు అప్పు వెంటనే మొదలయ్యేవారు మాత్రం మూడవ తరహా వైపు వెళ్లడమే సబబు; జీతం తేదీకి పడుతుంది, పీఎఫ్ సక్రమంగా కడతారు. కానీ సంవత్సరాల తరబడి ఒకే పని చేస్తూ, పూర్తి బ్యాలెన్స్ షీటు తయారు చేయడం మరచిపోయిన మిత్రులు నాకు ఉన్నారన్న సంగతి కూడా చెప్పాలి.

సొంతంగా ఒక నెల పద్దులు రాయడం

అనుభవం లేనివారికి ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు అన్న ఫిర్యాదు ఈ వృత్తిలో సగమే నిజం. పద్దులు రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, కావలసింది కాగితాలు మాత్రమే. బంధువుల్లోనో ఇరుగుపొరుగులోనో కిరాణా దుకాణం, మెడికల్ షాపు, టిఫిన్ సెంటరు నడిపేవారు ఒక్కరైనా ఉంటారు. వారిని అడిగి ఒక నెల కొనుగోలు బిల్లులు, రోజువారీ అమ్మకాల మొత్తం, బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చుకోవాలి. పేర్లూ ఖాతా నంబర్లూ బయటపెట్టబోమని ముందుగానే వారికి మాట ఇవ్వాలి.

ఆ కాగితాలను ముందు చేత్తో చిట్టాలోకి, చిట్టా నుంచి లెడ్జర్లోకి ఎక్కించాలి. మన పెద్దలు చిట్టా, ఆవర్జా అని పిలిచిన పద్ధతి కూడా ఇదే. చేత్తో రాయడం ఎందుకని అడగవచ్చు. టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీ వేయగానే లెడ్జరు, ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల పట్టిక) వాటంతట అవే తయారవుతాయి కాబట్టి, లోపల ఏం జరుగుతోందో తెలియకుండానే నెలల తరబడి ఎంట్రీలు వేసుకుపోవచ్చు. ఇంటర్వ్యూలో కంప్యూటర్ ఉండదు, కాగితమే ఉంటుంది. చేత్తో ఒకసారి పూర్తయ్యాక అదే నెలను టాలీప్రైమ్‌లో ఎక్కించాలి. డబ్బు కట్టనక్కరలేని ఎడ్యుకేషనల్ మోడ్‌లో నెలలో 1, 2, 31 తేదీలకు మాత్రమే ఎంట్రీలు వేయడానికి వీలుంటుంది కాబట్టి, 31 రోజులున్న నెలను ఎంచుకుని, ఆ మూడు తేదీల్లోనే సర్దుకుంటే అభ్యాసానికి అది చాలు.

ఈ మొత్తంలో ఎక్కువ సమయం కేటాయించవలసింది బ్యాంకు సమన్వయ పట్టికకు, అంటే మన పుస్తకంలోని నిల్వకూ బ్యాంకు చూపే నిల్వకూ తేడా ఎందుకు వచ్చిందో చూపే పట్టికకు. దాదాపు ప్రతి ఇంటర్వ్యూలోనూ అది ఏదో ఒక రూపంలో వస్తుంది, దాదాపు ప్రతి రెజ్యూమేలోనూ తెలుసునని రాసి ఉంటుంది, చేసి చూపించమంటే మాత్రం చాలామంది చెయ్యి ఆగిపోతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. నగదు పుస్తకం ప్రకారం బ్యాంకులో నిల్వ 84,600 రూపాయలు. బ్యాంకు స్టేట్‌మెంటు ప్రకారం 97,350 రూపాయలు. సరఫరాదారుకు ఇచ్చిన 15,000 రూపాయల చెక్కును అతను ఇంకా బ్యాంకులో వేయలేదు, కాబట్టి ఆ సొమ్ము బ్యాంకు లెక్కలో ఇంకా మన ఖాతాలోనే ఉంది. 84,600కు 15,000 కలిపితే 99,600. మన దగ్గర సరుకు కొన్నవారు ఇచ్చిన 2,000 రూపాయల చెక్కును మనం జమ చేశాం, బ్యాంకు ఇంకా వసూలు చేయలేదు. అది తీసివేస్తే 97,600. బ్యాంకు తన చార్జీల కింద 250 రూపాయలు కోసుకుంది, మనం ఇంకా రాయలేదు. అదీ తీసివేస్తే 97,350. ఇక్కడితో లెక్క సరిపోయిందని కాగితం తిరిగి ఇచ్చేయకూడదు. పై మూడింటిలో మన పుస్తకాల్లో కొత్తగా ఎంట్రీ వేయవలసింది దేనికి అన్నది తర్వాతి ప్రశ్న. జవాబు బ్యాంకు చార్జీలకు మాత్రమే. మిగిలిన రెండూ కాలం గడిస్తే వాటంతట అవే సర్దుకుంటాయి. అయితే నెలలు గడిచినా సర్దుకోని చెక్కు కనిపిస్తే ఫోన్ చేసి కనుక్కోవాలని కూడా అన్నవారిని నేను ఇంకాస్త శ్రద్ధగా వింటాను. చెక్కు చెల్లుబాటు మూడు నెలలే కదా.

జీఎస్టీ విషయంలో చట్టమంతా చదవనక్కరలేదు, నెలలో జరిగే పని క్రమం తెలిస్తే చాలు. ప్రతి నెలా రిటర్నులు వేసేవారు 11వ తేదీకి అమ్మకాల వివరాలు జీఎస్టీఆర్-1లో ఇవ్వాలి. 14వ తేదీన కొనుగోళ్లకు సంబంధించిన జీఎస్టీఆర్-2బి తయారవుతుంది. 20వ తేదీకి జీఎస్టీఆర్-3బి వేసి పన్ను కట్టాలి. సరఫరాదారు తన రిటర్నులో మన బిల్లు చూపించకపోతే అది 2బిలో రాదు, 2బిలో రానిదే ఆ పన్నును మనం కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకోలేం; ఇలా తగ్గించుకోవడాన్నే క్రెడిట్ అంటారు. సరఫరాదారుకు 180 రోజుల్లోగా డబ్బు చెల్లించకపోతే తీసుకున్న క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాలి. సరుకు విలువ పన్నుతో కలిపి 50,000 రూపాయలు దాటితే రవాణాలో సరుకు వెంట ఈ-వే బిల్లు ఉండాలి. నా నమూనా బిల్లులో సరుకు 45,000 రూపాయలదే కదా అని ఈ-వే బిల్లు అక్కరలేదనేవారు ఇక్కడే తప్పులో కాలేస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం, 28 శాతం శ్లాబులు పోయి ప్రధానంగా 5, 18 శాతాలు మిగిలాయన్న సంగతి, పాత పుస్తకాలతో చదువుకున్నవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఎక్సెల్ గురించి రెండు మాటలు. వీలుకప్, ఎక్స్‌లుకప్, పివట్ టేబుల్ నేర్చుకోమని అందరూ చెబుతారు, నిజమే. కానీ వాటిని మన కొనుగోలు రిజిస్టరును 2బితో సరిపోల్చే పని మీద నేర్చుకోవాలి. మన దగ్గర బిల్లు నంబరు 045 అని ఉంటుంది, సరఫరాదారు 45 అని ఇచ్చి ఉంటాడు; ఒక చోట నంబరు తర్వాత కంటికి కనిపించని ఖాళీ ఉంటుంది. ఫార్ములా సరిగానే రాసినా ఈ రెండు కారణాల వల్ల సగం బిల్లులు దొరకలేదని చూపిస్తుంది. ఆ చిక్కును ఒకసారి స్వయంగా విప్పినవారు ఎక్సెల్ వస్తుందా అన్న ప్రశ్నకు అవును అని ఊరుకోరు, ఈ కథ చెబుతారు.

రెజ్యూమే

ఒక పేజీ చాలు. టాలీ, జీఎస్టీ, ఎంఎస్ ఆఫీస్ తెలుసు అన్న వాక్యం నా బల్ల మీదికి వచ్చే ప్రతి రెజ్యూమేలో ఉంటుంది, కాబట్టి అది ఉన్నా లేనట్టే. దాని స్థానంలో ఇలా రాయవచ్చు: ‘ఒక కిరాణా దుకాణానికి సంబంధించిన ఒక నెల పద్దులు, మొత్తం 140 బిల్లులు, టాలీప్రైమ్‌లో ఎక్కించి, బ్యాంకు సమన్వయ పట్టిక, ట్రయల్ బ్యాలెన్స్ తయారు చేశాను; కొనుగోళ్లను జీఎస్టీఆర్-2బితో సరిపోల్చి, అందులో కనిపించని 6 బిల్లులను గుర్తించాను.’ సంఖ్యలు మీవే, మీరు నిజంగా చేసినవే కావాలి. రాసుకున్న ప్రతి మాట మీదా ఒకదాని లోతుకు ఒకటిగా మూడు ప్రశ్నలు పడతాయని అనుకుని, మూడవ ప్రశ్నకు కూడా జవాబు ఉన్న మాటలనే కాగితం మీద ఉంచాలి. నా మొట్టమొదటి ఇంటర్వ్యూలో, సీనియరు రెజ్యూమే చూసి దించుకున్న ‘ఫైనలైజేషన్’ (ఏడాది లెక్కలు ముగించి బ్యాలెన్స్ షీటు తయారు చేయడం) అన్న మాటకు అర్థం చెప్పమన్నప్పుడు నా ముఖం ఎలా మారి ఉంటుందో ఇప్పటికీ ఊహించుకోగలను. ఆ ఉద్యోగం రాలేదు, రావడం న్యాయం కూడా కాదు.

తండ్రి పేరు, కులం, మతం, పెళ్లి అయిందా లేదా, ఆధార్ నంబరు, పాన్ నంబరు రెజ్యూమేలో అక్కరలేదు. చివరి రెండూ అపరిచితుల చేతుల్లో పడటం ప్రమాదం కూడా. పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నానంటూ చివర సంతకం పెట్టే ఆనవాయితీ వల్ల నష్టం లేదు, ప్రయోజనమూ లేదు. చదువులో ఒక సంవత్సరం ఖాళీ ఉంటే దాచకుండా, ఒక్క వాక్యంలో కారణం చెప్పడానికి సిద్ధంగా ఉండాలి.

లేని అనుభవాన్ని చూపించే లెటర్లు అమ్మేవారు హైదరాబాద్‌లో ఉన్నారు, జీతం స్లిప్పులతో సహా ఇస్తారు. నైతికత సంగతి పక్కన పెట్టి లెక్క సంగతే చూద్దాం. సంస్థలు ఇప్పుడు పీఎఫ్‌కు సంబంధించిన యూఏఎన్ నంబరు ద్వారా ఎవరు ఎక్కడ ఏ నెల నుంచి ఏ నెల వరకు పని చేశారో సరిచూసుకుంటున్నాయి. రెండేళ్ల అనుభవం కాగితం మీద ఉండి, పీఎఫ్ ఖాతాలో ఒక్క జమ కూడా లేకపోతే, చేరిన ఆరు నెలలకైనా ఆ తేడా బయటపడుతుంది. పద్దుల్లో తేడాలు పట్టుకోవడమే పనిగా ఉన్న వృత్తిలోకి తప్పుడు పద్దుతో ప్రవేశించడం ఎంత అసంబద్ధమో వేరే చెప్పనక్కరలేదు.

ఉద్యోగాలు దొరికే చోట్లు, అడగవలసిన రోజులు

పెద్ద సంస్థల ఉద్యోగాలకు నౌక్రీ, లింక్డ్‌ఇన్ వెబ్‌సైట్లూ ఆయా సంస్థల సొంత వెబ్‌సైట్లూ దారి. కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. మొదటి రెండు తరహాల ఉద్యోగాలు మాత్రం చాలా వరకు ఇంటర్నెట్ ముఖం చూడవు. జీడిమెట్లలో కర్మాగారం నడిపే యజమానికి అకౌంటెంట్ కావలసి వచ్చినప్పుడు ముందుగా తన ఆడిటర్‌కు ఫోన్ చేస్తాడు, ఆ తర్వాత తెలిసిన తోటి యజమానిని అడుగుతాడు, అప్పటికీ దొరక్కపోతే పత్రికలో చిన్న ప్రకటన ఇస్తాడు. అందువల్ల మీ ఊళ్లోనో మీరుంటున్న బస్తీలోనో ఉన్న ఆడిటర్ ఆఫీసులకు స్వయంగా వెళ్లి, తమ దగ్గర ఖాళీ లేకపోయినా తమ ఖాతాదారులకు ఎవరికైనా అవసరమేమో చెప్పమని అడగడం, యాభై చోట్ల ఆన్‌లైన్‌లో దరఖాస్తు నొక్కడం కన్నా మంచి ఫలితం ఇస్తుంది.

వెళ్లే రోజు కూడా ముఖ్యం, దీనిని ఎవరూ చెప్పరు. 7వ తేదీకి టీడీఎస్, అంటే చెల్లింపుల్లోంచి ముందే కోసిన ఆదాయపు పన్ను కట్టాలి, 11కు జీఎస్టీఆర్-1, 15కు పీఎఫ్, ఉద్యోగుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్ఐ, 20కి 3బి. ఈ తేదీల మధ్య అకౌంట్స్ విభాగం తలుపు తట్టి రెజ్యూమే ఇస్తే, అది బిల్లుల కట్ట కిందకు పోతుంది. 21 దాటాక, నెలాఖరుకు రెండు మూడు రోజుల ముందు వరకు వెళితే మీతో పది నిమిషాలు మాట్లాడే తీరిక వారికి ఉంటుంది. సెప్టెంబరు చివరి వారంలో మాత్రం ఆడిటర్ ఆఫీసు వైపు వెళ్లకూడదు. జులై, ఆగస్టుల్లో వెళితే, రాబోయే పని భారానికి చేయి సాయం కావాలని వారే ఆలోచిస్తూ ఉంటారు.

వాట్సాప్‌లో పంపే సందేశం క్లుప్తంగా ఉండాలి. ‘నమస్కారం అండీ. బి.కాం. కంప్యూటర్స్ ఈ ఏడాది పూర్తి చేశాను. టాలీలో ఒక నెల పద్దులు సొంతంగా రాసి, 2బితో సరిపోల్చాను. మీ ఆఫీసులో గానీ మీ ఖాతాదారుల దగ్గర గానీ అవకాశం ఉంటే, మీకు వీలైన సమయంలో వచ్చి కలుస్తాను.’ ఇంతే. శుభోదయం బొమ్మలు, పూలు వద్దు. ఎవరికి ఏ తేదీన పంపారో, ఏం జవాబు వచ్చిందో, మళ్లీ ఎప్పుడు అడగాలో ఎక్సెల్‌లో ఒక పట్టికగా రాసుకోవాలి. పద్దులు రాసే ఉద్యోగం కోరుకునేవారు తమ ప్రయత్నాల పద్దు రాసుకోకపోతే ఎలా?

ఏ సంస్థ నుంచి పిలుపు వచ్చినా, వెళ్లే ముందు జీఎస్టీ పోర్టల్‌లో ఆ సంస్థ జీఎస్టీ నంబరు వెతకాలి. లాగిన్ అవసరం లేదు. నమోదు చెల్లుబాటులో ఉందా, ఎప్పటి నుంచి ఉంది, ఈ మధ్య నెలల రిటర్నులు ఏ తేదీల్లో వేశారు అన్నవి అక్కడ కనిపిస్తాయి. కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో కూడా చూడవచ్చు. 3బి ప్రతి నెలా రెండు నెలలు ఆలస్యంగా వేస్తున్న సంస్థ జీతం మాత్రం 1వ తేదీకి ఇస్తుందని నమ్మడం కష్టం. పైగా ఇలా చూసి వచ్చానని ఇంటర్వ్యూలో సందర్భం వచ్చినప్పుడు మర్యాదగా చెబితే, అదొక్కటే మీకు ఈ పని వచ్చునన్న రుజువుగా నిలుస్తుంది. రిజిస్ట్రేషన్ ఫీజు, శిక్షణ డిపాజిట్, ల్యాప్‌టాప్ డిపాజిట్ అంటూ ముందుగా డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఇంటర్వ్యూ గదిలో

ముందు రోజు చేయవలసిన పనులు అందరికీ తెలిసినవే కాబట్టి త్వరగా చెబుతాను. సర్టిఫికెట్ల నకళ్లు రెండు సెట్లు, రెజ్యూమే మూడు కాపీలు, రెండు పెన్నులు, ఒక చిన్న క్యాలిక్యులేటరు. ఫోనులో క్యాలిక్యులేటరు ఉన్నా, పరీక్ష సమయంలో ఫోను బయటకు తీయనివ్వరు. ఎల్బీ నగర్ వైపు నుంచి రాయదుర్గం వెళ్లేవారు అమీర్‌పేటలో మెట్రో మారాలి, ఆ రద్దీకి పావుగంట అదనంగా లెక్కవేసుకోవాలి.

మీ గురించి చెప్పండి అన్నప్పుడు ఊరు, కుటుంబం, పదో తరగతి మార్కులతో మొదలుపెట్టేవారే ఎక్కువ. అవన్నీ చేతిలోని కాగితంలో ఉన్నాయి. ఏం చదివారో ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే మీరు రాసిన ఒక నెల పద్దుల దగ్గరకు వచ్చేయాలి. అప్పుడు తర్వాతి ప్రశ్న దాని మీదనే పడుతుంది, అంటే ఇంటర్వ్యూ మీకు తెలిసిన నేల మీద సాగుతుంది.

భాష గురించి బెంగ ఎక్కువగా జిల్లాల నుంచి వచ్చేవారికి ఉంటుంది. యజమాని నడిపే సంస్థల్లో తెలుగు చాలు, బేగంబజార్ వంటి చోట్ల కొంత హిందీ ఉంటే పని సులువవుతుంది. పెద్ద సంస్థల్లో ఇంగ్లీషు తప్పదు. దానికి వ్యాకరణం పుస్తకాలు బట్టీ పట్టడం కన్నా, రోజుకు ఒక ఎంట్రీ తీసుకుని, ఏ ఖాతా ఎందుకు డెబిట్, ఏది ఎందుకు క్రెడిట్ అన్నది ఫోనులో రికార్డు చేసుకుంటూ ఇంగ్లీషులో వివరించడం మేలు. నలభై రోజుల్లో నలభై ఎంట్రీలు. వృత్తిలో కావలసిన పదాలన్నీ అందులోనే వచ్చేస్తాయి. మొదటి రోజు రికార్డింగును, చివరి రోజుదాన్ని పక్కపక్కన పెట్టుకుని వింటే మార్పు మీకే తెలుస్తుంది.

తెలియని ప్రశ్న వస్తే ఊహించి చెప్పకూడదు. అకౌంట్స్‌లో ఊహించి ఎంట్రీ వేసేవారంటే మాకు భయం. ‘ఇది నాకు తెలియదండీ, పాత సంవత్సరం పుస్తకాల్లో ఇలాంటి ఎంట్రీ ఎలా వేశారో చూసి, ఆడిటర్‌గారిని అడిగి వేస్తాను’ అన్న జవాబుకు నేను మార్కులు తగ్గించిన సందర్భం లేదు. కొందరు యజమానులు ఒక చిక్కు ప్రశ్న వేస్తారు: ఇంట్లోకి కొన్న టీవీని కంపెనీ ఖర్చుగా చూపించమంటే ఏం చేస్తావు? చేయనని ముఖం మీద అనడం ఒక జవాబు, మీరెలా చెబితే అలా అనడం మరొకటి. రెండూ పని తెలిసినవారి జవాబులు కావు. సొంత వ్యాపారమైతే యజమాని సొంత వాడకాల ఖాతాలో, కంపెనీ అయితే డైరెక్టరు నుంచి రావలసిన బాకీగా వేయాలని, ఖర్చుగా వేసి ఆ పన్ను క్రెడిట్ కూడా తీసుకుంటే రేపు నోటీసు వస్తుందని నెమ్మదిగా చెప్పాలి. యజమానిని కాపాడుతున్నట్టుగా చెబుతూనే తప్పు ఎంట్రీకి ఒప్పుకోని జవాబు అది.

చివర్లో మీరేమైనా అడగాలనుకుంటున్నారా అంటే, ఏమీ లేదండీ అని లేచి రావద్దు. పద్దులు ఏ నెల వరకు పూర్తయ్యాయి, ఇంతకు ముందు ఈ పని చూసినవారు ఎందుకు వెళ్లారు, ఒకే సంస్థ పద్దులా లేక యజమానికి ఉన్న నాలుగు సంస్థలవీనా అని అడగండి. ఎనిమిది నెలలుగా పద్దులు ఆగిపోయి ఉన్నాయని తెలిస్తే, చేరాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ ఆ పనికి తగిన జీతం అడగడానికి మీ చేతిలో కారణం ఉంటుంది.

జీతం లెక్క, కాగితాలు

ఏడాదికి 2,47,224 రూపాయల ప్యాకేజీ అని చెప్పారనుకుందాం. పన్నెండుతో భాగిస్తే నెలకు 20,602. ఆ మొత్తం చేతికి వస్తుందని ఇంటికి ఫోన్ చేసి చెప్పేముందు లెక్క విప్పాలి. ఇందులో సంస్థ కట్టే పీఎఫ్, పీఎఫ్ లెక్కించే జీతం 12,000 మీద 12 శాతం చొప్పున 1,440. సంస్థ కట్టే ఈఎస్ఐ, 18,000 మీద 3.25 శాతం చొప్పున 585. గ్రాట్యుటీ కింద ఆ 12,000 మీదనే 4.81 శాతం చొప్పున 577. ఇవి పోగా మీ స్థూల జీతం 18,000. అందులోంచి మీ వంతు పీఎఫ్ 1,440, మీ వంతు ఈఎస్ఐ 0.75 శాతం చొప్పున 135, వృత్తి పన్ను 150 కోసుకుంటే బ్యాంకులో పడేది 16,275. ప్యాకేజీని పన్నెండుతో భాగిస్తే వచ్చినదానికీ దీనికీ 4,327 రూపాయల తేడా. ఇది మోసం కాదు, పీఎఫ్ సొమ్ము మీదే. గ్రాట్యుటీ మాత్రం సాధారణంగా అయిదేళ్ల సర్వీసు నిండితేనే చేతికి వస్తుంది. అకౌంటెంటుగా చేరబోయేవారు ఈ లెక్కను ఆఫరు చేతిలో పెట్టిన వెంటనే అక్కడే వేసి, నెలకు చేతికి 16,275 వస్తుందా అండీ అని అడిగితే, అడిగిన తీరులోనే పనితనం కనిపిస్తుంది.

నియామక పత్రం రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతులు ఉద్యోగులకు ఈ పత్రం ఇవ్వడాన్ని తప్పనిసరి చేశాయి. అందులో నోటీసు కాలం ఎన్ని రోజులో, మధ్యలో మానేస్తే ఏమైనా కట్టాలో చదివి సంతకం పెట్టాలి. డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచకూడదు; చూపించి, నకళ్లు ఇచ్చి, వెంటనే వెనక్కి తీసుకోవాలి. నాకు తెలిసిన ఒక కుర్రవాడు మంచి అవకాశం వచ్చినా, పాత యజమాని బీరువాలో ఉన్న సర్టిఫికెట్ల కోసం నాలుగు నెలలు తిరగవలసి వచ్చింది.

ఉద్యోగం రాకపోతే, ఇంటర్వ్యూ నుంచి బయటకు వచ్చిన గంటలోపే తడబడిన ప్రశ్నలను నోటుపుస్తకంలో రాసుకోవాలి. రాత్రికి సగం మరచిపోతాం. అదే ప్రశ్న రెండవ చోట కూడా వస్తుంది, ఎందుకంటే ఈ వృత్తిలో అడగవలసిన ప్రశ్నలు మరీ ఎక్కువేమీ లేవు.

ఉద్యోగం వస్తే, చేరిన రోజున ఎంట్రీలు మొదలుపెట్టే ముందు మూడు పనులు చేయాలి. ఆ తేదీ నాటికి ఉన్న ట్రయల్ బ్యాలెన్స్ ప్రింటు తీసుకోవాలి. గల్లాలో నగదును యజమాని ఎదుట లెక్కపెట్టి, నోట్ల వారీగా కాగితం మీద రాయాలి. బ్యాంకు సమన్వయ పట్టికలో తేలని అంశాల జాబితా రాసి, మూడింటి మీదా యజమాని చేత గానీ పాత అకౌంటెంటు చేత గానీ తేదీతో సంతకం పెట్టించుకుని, ఒక నకలు దగ్గర ఉంచుకోవాలి. ఆ తర్వాతే మొదటి ఓచరు.